గంట లేని గుడి

చర్చి అనగానే ఎత్తైన గోపురం, ఆదివారం పొద్దున్నే మోగే గంట గుర్తొస్తాయి. బ్రెజిల్‌లో ప్రొటెస్టెంట్లకు చాలాకాలం ఆ రెండూ లేవు. ఉండకూడదని చట్టమే చెప్పింది.

అంతకు చాలా ముందే ఈ కథ నెత్తుటితో మొదలైంది. ఇప్పటి రియో డి జనీరో ఉన్న గ్వానబారా అఖాతంలోని ఫ్రెంచి స్థావరానికి 1557లో జెనీవా నుంచి ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ అనుచరులు వచ్చారు. ప్రభురాత్రి భోజనంలోని రొట్టె, ద్రాక్షారసాల మీద స్థావరాధిపతి విల్గాన్యోన్‌తో వాదం ముదిరింది. 1558లో ముగ్గురు తమ విశ్వాసాన్ని కాగితం మీద రాసిచ్చి ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మళ్లీ దారి తెరిచింది వ్యాపారం. నెపోలియన్‌కు జడిసిన పోర్చుగల్ రాజకుటుంబం 1808లో బ్రిటిష్ నౌకల అండతో బ్రెజిల్ చేరింది. ఆ రుణం బ్రిటన్‌తో 1810 వాణిజ్య ఒప్పందంలో తీరింది: ఆంగ్లేయులు ప్రార్థన చేసుకోవచ్చు, కట్టడం మాత్రం మామూలు ఇల్లులా ఉండాలి, గంట మోగకూడదు. స్వతంత్ర బ్రెజిల్ 1824 రాజ్యాంగం కూడా కేథలిక్కేతర మతాలను ఇంటి గోడల మధ్యే ఉంచింది.

మిషనరీలు ఆ ఇంటినే నమ్ముకున్నారు. స్కాట్లండ్ వైద్యుడు రాబర్ట్ కాలీ మదీరా దీవిలో అల్లరిమూకల దాడి తప్పించుకున్నవాడు. అక్కడ అబ్బిన పోర్చుగీసు 1855లో బ్రెజిల్‌లో అక్కరకొచ్చింది. ఆ ఆగస్టులోనే ఆయన భార్య సారా పెట్రోపోలిస్‌లో పిల్లలకు సండే స్కూల్ పెట్టింది. 1858లో రియోలో పోర్చుగీసు భాషా సంఘం ఏర్పడింది. మరుసటి ఏడు అమెరికన్ ప్రెస్బిటేరియన్ యాష్‌బెల్ సైమంటన్ దిగాడు. 1865లో మాజీ కేథలిక్ ఫాదర్ జొసె మనొయెల్ ద కొన్సెయిసావ్ పాస్టరై ఊరూరా తిరిగాడు. దొరల మతం స్థానికుడి నోట పలికింది.

బ్రెజిల్‌లో పంచిన బైబిళ్లలో ఒకటైన అల్మేడా పోర్చుగీసు అనువాదానికి మన వైపు చుట్టరికం ఉంది. అందులో పాత నిబంధన భాగాలు కొన్ని తమిళ తీరంలోని తరంగంబాడి డేనిష్ మిషన్ ముద్రణాలయంలో అచ్చయ్యాయి. బైబిలును తెలుగు చేసిన బెంజమిన్ షుల్జ్ పనిచేసింది ఆ మిషన్‌లోనే.

1890 జనవరిలో కొత్త రిపబ్లిక్ మతాన్నీ రాజ్యాన్నీ విడదీసింది. ఇక గంట కట్టుకోవచ్చు. కానీ అసలు ఉప్పెన మళ్లీ ఇంట్లోంచే లేచింది. 1910లో బెలేం రేవులో దిగిన స్వీడన్ యువకులు డేనియల్ బెర్గ్, గున్నార్ వింగ్రెన్ బాప్టిస్టు సంఘం నుంచి విడిపోయిన కొద్దిమందితో మరుసటి ఏడు ఒక ఇంట్లో మొదలుపెట్టిన కూటమే బ్రెజిల్ అసెంబ్లీస్ ఆఫ్ గాడ్. 2022 జనగణనలో పదేళ్లు పైబడినవారిలో 26.9 శాతం ఎవాంజెలికల్స్, అంటే అక్కడి వాడుకలో ప్రొటెస్టెంట్లు.

ఇవాళ పేదల పేటల్లో ఒకప్పటి దుకాణాల్లోనూ సంఘాలు నడుస్తున్నాయి. వాటికి గోపురం లేదు, గంటా లేదు. గంట పని మైకు చూసుకుంటోంది.