విమానం ఎక్కేదాకా

గాల్లో ప్రయాణం గురించి నన్నెవరూ పెద్దగా అడగరు. జగిత్యాలలో టికెట్ల దుకాణం పెట్టినప్పటి నుంచీ నేను చెబుతున్నవన్నీ నేల సంగతులే. ఏ బస్సుకు పోవాలె, ఎన్ని గంటలకు బయలుదేరాలె, సామాను ఎన్ని కిలోలు, తోడు వచ్చినోళ్లను లోపలికి రానిస్తరా? హైదరాబాదులో ఎక్కితే దుబాయి నాలుగు గంటల దూరం. ఆ నాలుగు గంటలకు ముందున్న దారిలోనే పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వాళ్లు అప్పులపాలైందీ, మోసపోయిందీ. మా గల్ఫ్ చరిత్ర ఎవరైనా రాస్తానంటే ఆ దారి దగ్గర్నుంచే మొదలుపెట్టమంటాను.

దుబాయి కంటే చాలా ముందే మాకు బొంబాయి తెలుసు. పంతొమ్మిదో శతాబ్దంలో నిజాం ఇలాకా నుంచి ఇళ్లు కట్టే పనులకు పోయిన కామాటీల పేరు మీదే అక్కడ కామాటిపుర వెలిసింది. ఆ తర్వాత సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వైపు నేతగాళ్లు బొంబాయి మిల్లుల్లోకీ, భివండి పవర్‌లూమ్‌లకూ పోయారు. ప్రతి ఊరికీ అక్కడొక గది, ఆ గదిలో వండిపెట్టే మనిషి, జాబు అందుకునే చిరునామా ఉండేవి. 1971లో అరబ్ ఎమిరేట్లు ఒక దేశంగా ఏర్పడ్డాయి. 1973లో చమురు ధర పెరగడంతో ఆ ఎడారిలో రేవులు, రోడ్లు, మేడలు లేవడం మొదలైంది. మేస్త్రీలు, సెంట్రింగు పనివాళ్లు కావాలన్న కబురు ముందు బొంబాయికే వచ్చింది. గల్ఫ్ రేవులకు స్టీమర్లు అక్కడి నుంచే బయలుదేరేవి. వాటిలో చివరిదైన 'ద్వారక' 1982 దాకా తిరిగింది. అదే ఏడాది జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. తర్వాత చాలా మిల్లులు మళ్లీ పూర్తిగా తెరుచుకోలేదు. మగ్గం పోయిన మనిషికి గల్ఫ్ ఏజెంటు అదే గల్లీలో దొరికాడు. మా దుబాయి దారి కొత్తగా వేసింది కాదు, పాత మిల్లు దారికే పొడిగింపు.

ఆ దారి సులువుగా ఉండేది కాదు. జగిత్యాల, మెట్‌పల్లి వాళ్లు బస్సులో నిజామాబాద్ చేరి, 1900 ప్రాంతంలో వేసిన సికింద్రాబాద్-మన్మాడ్ మీటర్‌గేజీ రైలు పట్టుకునేవారు. ఆదిలాబాద్ వాళ్లకు ముద్‌ఖేడ్ మీదుగా అదే లైను. గేజీ వేరు కాబట్టి మన్మాడ్‌లో దిగి బొంబాయి బండి కోసం కాచుకోవాల్సిందే. స్టేషన్ దగ్గరి గుప్త్‌సర్ గురుద్వారా లంగరులో తిన్న రొట్టె, పప్పు సంగతి మా పాతతరం దుబాయి వాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ తర్వాత ఆ లైను దశలవారీగా బ్రాడ్‌గేజీ అయింది. కరీంనగర్ మీదుగా పెద్దపల్లి నుంచి నిజామాబాద్‌కు రైలు మార్గం పూర్తయ్యేసరికి 2017 వచ్చింది. అప్పటికి బొంబాయి మీదుగా దుబాయి పోయేవాళ్లు తగ్గిపోయారు.

బొంబాయిలో దిగినా విమానం అందినట్టు కాదు. ముందు మెడికల్. తర్వాత ట్రేడ్ టెస్టు: మేస్త్రీ అయితే ఇటుకలతో మూల కట్టి చూపించాలె, గుండు వేసి చూస్తారు. పాస్‌పోర్టు ఏజెంటు దగ్గరే ఉంటుంది. వీసా ఈ వారం, వచ్చే వారం అంటుంటే ఊరి గదిలో వంతులేసుకుని పడుకునేవారు. ఊళ్లో తెచ్చిన అప్పుకు మిత్తి మాత్రం ఆగదు. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి ముప్పైఆరు. మనిషి ఇంకా సముద్రం దాటకముందే అప్పు పెరుగుతుండేది.

1983లో ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది. అంతకు ముందున్నది 1922 నాటి తెల్లదొరల చట్టం. కొత్త చట్టం ప్రకారం ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. చదువు తక్కువున్న వాళ్ల పాస్‌పోర్టు మీద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి పడాలి. దాని ఉద్దేశం మంచిదే. కాని ఆ అనుమతి ముద్ర లేకుండా విమానాశ్రయంలో కౌంటరు దాటించే పని ఒకటి పుట్టుకొచ్చింది. దాన్ని మా ధందాలో 'పుషింగ్' అంటారు. దానికో రేటు ఉండేది. విజిట్ వీసా మీద పోయి అక్కడే ఉండిపోయిన వాళ్లు ఖల్లివల్లి అయ్యారు, అంటే కాగితం లేని మనుషులు. అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడల్లా ఔట్‌పాస్ అనే తిరుగు కాగితం మీద వాపస్ వచ్చిన వాళ్లలో మా రెండు జిల్లాల వాళ్లు ఎప్పుడూ ఉన్నారు.

నా దుకాణంలో టికెట్ల కంటే ఎక్కువ చోటు పట్టింది అట్టపెట్టె కట్టే పని. లోపల అడుగున లుంగీలు, దుప్పటి. వాటి నడుమ మామిడికాయ తొక్కు డబ్బా. మూత చుట్టూ మైనం పోసి, పాలిథిన్ సంచిలో చుట్టి, పైన పాత చీర ముక్క కట్టేవాళ్లం. ఖాళీల్లో సకినాలు, పల్లిపట్టీలు. పెట్టె మూసి నైలాన్ తాడుతో అడ్డంగా రెండు వరసలు, నిలువుగా రెండు వరసలు కట్టి, ముడి దగ్గర చెయ్యి దూరేంత పిడి వదలాలి. కొక్కెం కాటాకు తగిలించి చూస్తే కిలో, రెండు కిలోలు ఎప్పుడూ ఎక్కువే ఉండేది. తీసెయ్యాల్సి వస్తే లుంగీ తీసేవారు, తొక్కు జోలికి పోయేవారు కాదు. ఆఖరున మార్కర్‌తో పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, కింద కంపెనీ పోస్టుబాక్సు నంబరు రాసేవాణ్ని. అక్కడ ఇంటి నంబర్లకు జాబులు పోవు, అంతా పోస్టుబాక్సే. చదువు రాని మనిషికి బెల్టు మీద తన పెట్టె ఆనవాలు తెలియాలని ఒక పక్క ఎర్ర గుడ్డ ముక్క కట్టేవాణ్ని.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్ మీద పడింది. ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరిన మనవాళ్లను ఎయిరిండియా రెండు నెలల పాటు బొంబాయికి చేరవేసింది. లక్ష మందికి పైగా వచ్చారు. ఆ రోజుల్లో బొంబాయి నుంచి వచ్చే బస్సుల కోసం మా బస్టాండులో ఆడవాళ్లు తెల్లవారకముందే వచ్చి కూర్చునేవారు. దిగిన వాళ్లలో అట్టపెట్టె ఉన్నవాడు ఒక్కడు కనిపించలేదు. ఒంటి మీది బట్టలతోనే వచ్చారు.

తొంబైల్లో హైదరాబాదులోని బేగంపేట నుంచే గల్ఫ్‌కు విమానాలు దొరకడంతో బొంబాయి పని తగ్గుతూ వచ్చింది. మాకు బేగంపేట ఎంత సులువో ఇప్పటివాళ్లకు తెలియదు. కరీంనగర్, ఆదిలాబాద్ బస్సులు ఆగే జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగి ఆటో మాట్లాడుకుంటే కాసేపట్లో విమానాశ్రయం. 2008 మార్చి 23న బేగంపేట మూతపడి శంషాబాద్ తెరుచుకుంది. అదే ఏడాది జూన్ 1 నుంచి ప్రపంచమంతా కాగితం టికెట్లు రద్దయ్యాయి. వెనక ఎర్ర కార్బన్ పూసిన ఆ టికెట్టు పుస్తకాన్ని మావాళ్లు పసుపుకుంకుమ పెట్టి దేవుడి పటం ముందు ఉంచేవారు. దాని బదులు వచ్చిన జిరాక్సు కాగితానికి ఆ గౌరవం దక్కలేదు.

కొత్త ఎయిర్‌పోర్టు గొప్పదే, కాని దక్షిణాన ఉంది. ఉత్తరం నుంచి వచ్చే మాకు మధ్యలో హైదరాబాదు మొత్తం అడ్డం పడింది. దాంతో జీపులు, తవేరాలు, ఇన్నోవాల కిరాయి ఒక వ్యాపారమైంది. గల్ఫ్ విమానాలు చాలావరకు రాత్రి పొద్దుపోయాకో, తెల్లవారుజామునో. జగిత్యాలలో సాయంత్రం బండి కడితే రాజీవ్ రహదారి మీదుగా షామీర్‌పేట చేరి, అక్కడ రింగురోడ్డు ఎక్కాలి. రింగురోడ్డు లేనప్పుడు రెండు గంటలు ఎక్కువ చెప్పేవాణ్ని. పోయేది ఒక్కడు, పంపడానికి బండి నిండా జనం. గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ జవాను టికెట్టున్న మనిషినే పోనిస్తాడు, మిగతావాళ్లు అద్దాల ఇవతలే. ఆదిలాబాద్ వాళ్లలో కొందరు నాగపూర్ నుంచి పోతున్నారు, హైదరాబాదు కంటే వాళ్లకు అదే దగ్గర. ఆదిలాబాద్‌లో నిజాం కాలపు విమాన మైదానం ఉండీ ఉపయోగం లేకపోయింది. మనుషుల్ని విమానానికి చేర్చే ఆ రింగురోడ్డు మీదే శవపేటికలూ ఊళ్లకు వస్తాయి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల సాయం ఇచ్చే నిర్ణయం తెలంగాణ ప్రభుత్వం 2024లో గాని తీసుకోలేదు.

ఇప్పుడు నా గిరాకీ మారింది. పాస్‌పోర్టుకు హైదరాబాదు తిరగక్కర్లేదు, కరీంనగర్, నిజామాబాద్‌లోనే అవుతోంది. కుర్రాళ్లు టికెట్లు ఫోన్లోనే కొంటున్నారు. నా దగ్గరికి వచ్చేది ఉమ్రా యాత్రికులు, అమెరికాలో పిల్లల్ని చూడబోయే తల్లిదండ్రులు, ఈ మధ్య యూరప్ టూర్ల వాళ్లు. మొన్న రిటైరైన టీచర్ల బృందానికి ఇటలీ ప్రయాణం కుదిర్చాను. హైదరాబాదు నుంచి నేరుగా విమానం లేదు కాబట్టి దుబాయిలో మారాలి. రోములో దిగి వెనిస్‌లో ఎక్కితే వచ్చిన దారినే మళ్లీ రోముకు పోవాల్సిన పని ఉండదు. రోములో ఫియుమిచినో నుంచి టెర్మినీ స్టేషన్‌కు లియొనార్డో ఎక్స్‌ప్రెస్ అరగంటలో చేరుస్తుంది. అయినా పెట్టెలతో రైలెక్కడం కష్టమని వాళ్లు బస్సు అడిగారు. పేరు రాసిన అట్ట పట్టుకుని మనిషి నిలబడతాడా అనీ అడిగారు. నిలబడతాడన్నాను. దుబాయిలో నాలుగు గంటలు ఆగాలని చెబితే ఒక సారు నవ్వి, "మా బాపు ఆడ్నే పన్నెండేండ్లు ఆగిండు" అన్నాడు.

ఆ సారుకూ వాళ్ల బాపుకూ తేడా ఎక్కడుందో వీసా కాగితాల్లోనే కనిపిస్తుంది. ఇటలీ వీసాకు తిరుగు టికెట్టు బుకింగు చూపించకపోతే అర్జీయే నిలవదు. గల్ఫ్‌కు పోయే కూలీ చేతిలో ఉండేది పోయే టికెట్టు ఒక్కటే. తిరుగు టికెట్టు కాంట్రాక్టు ముగిశాక కంపెనీ ఇస్తుందని కాగితంలో ఉంటుంది. కంపెనీ మూతపడితే ఆ మాటా మూతపడుతుంది. బొంబాయి నుంచి బేగంపేటకు, అక్కడి నుంచి శంషాబాద్‌కు విమానం మారింది. రేపు ఆదిలాబాద్‌కే రావచ్చు. పోవడం ప్రతిసారీ సులువవుతూ వచ్చింది, రావడం మాత్రం ఇంకా కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న అక్కడి యజమాని, చేతిలోనే ఉంది. అందుకే గల్ఫ్ టికెట్టుకు వచ్చిన ప్రతి కుర్రాడితో, వాడు అడగకపోయినా, ఒక మాట అంటాను: "బిడ్డా, ఏజెంటుకు ఇచ్చే పైసలతో పాటు వాపస్ వచ్చే టికెట్టు పైసలు కూడా లెక్కగట్టి, అమ్మ చేతిల పెట్టి పో."