కాంతి అనుసంధానం (ఆప్టికల్ ఇంటర్‌కనెక్ట్)

కంప్యూటర్ వ్యవస్థలో ప్రాసెసర్ల మధ్య సమాచారాన్ని రాగి తీగలకు బదులు కాంతి ద్వారా పంపే పద్ధతి. 2017 డిసెంబరులో జాతికి అంకితమైన ఆంధ్రప్రదేశ్ ఇంటర్నెట్ వ్యవస్థ ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా వేసిన ఫైబర్‌లోనూ (గాజుపోగులో) సమాచారం కాంతిగానే వెళుతుంది. మార్కాపురం, గిద్దలూరు వంటి పట్టణాల వైపు కిలోమీటర్లలో సాగే ఆ ప్రయాణం యంత్రం లోపల మీటర్లలో ముగుస్తుంది.

కాంతి వేగమే దీని లాభమని చాలామంది అనుకుంటారు, అది సరికాదు. గాజుపోగులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కి.మీ. పోతుంది. మంచి రాగి తీగలో సంకేతం వేగమూ దాదాపు అంతే. తేడా అంతా నష్టంలో ఉంది. సెకనుకు 100 గిగాబిట్లు పంపితే రాగిలో సంకేతం రెండు మూడు మీటర్లకే నీరసిస్తుంది. ఫైబర్‌లో ఆ నష్టం అత్యల్పం. పైగా వేర్వేరు తరంగదైర్ఘ్యాలు ఒకే పోగులో కలిసి వెళ్లగలవు.

చిప్‌ల తయారీకి వాడే సిలికాన్ తనంతట తాను కాంతిని సరిగా వెలువరించలేదు కాబట్టి ఇండియం ఫాస్ఫైడ్ వంటి పదార్థాల లేజర్లు కావాలి. ఖర్చు పెరిగేది ఇక్కడే.

చిప్‌ల మధ్య కాంతి అనుసంధానంపై జోసెఫ్ గుడ్‌మన్ బృందం 1984లోనే విస్తృత పత్రం ప్రచురించింది. గూగుల్ ఏఐ కోసం రూపొందించిన టీపీయూ వీ4 యంత్రంలో 4,096 చిప్‌లుంటాయి. 64 చిప్‌ల ర్యాక్ లోపల రాగి, ర్యాకుల మధ్య కాంతి; సూక్ష్మమైన అద్దాలు కదిలి ఆ కాంతి దారిని మారుస్తాయి. ఎన్విడియా మాత్రం 2024లో ప్రకటించిన ఎన్‌వీఎల్72 ర్యాక్‌లో 72 జీపీయూలను, విద్యుత్ ఆదా కోసం, రాగితోనే కలిపింది. ర్యాక్ లోపల ఇప్పటికీ రాగిదే పైచేయి.