తండా గోడల కథ: కంది కట్టె నుంచి రేకు దాకా

తండా అనే మాటకు మొదట ఉన్న అర్థం నడిచే బిడారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ దక్కన్ అంతా తిరిగిన మన లంబాడా పెద్దలకు గోడతో పెద్దగా పనిలేదు. 1871లో బొంబాయి వైపు నుంచి వచ్చిన రైలు దారి, మద్రాసు వైపు దారి రాయచూరులో కలిశాయి. మక్తల్‌కు దగ్గరలోని కృష్ణా స్టేషను ఆ దారి మీదిదే. ఉప్పు బస్తా రైలెక్కాక ఎద్దుల బిడారుకు బేరం తగ్గింది. తండాలు మెల్లగా ఒకచోట కుదురుకున్నాయి. అప్పుడిక గోడ ఏళ్ల తరబడి నిలవాల్సి వచ్చింది.

మక్తల్, నారాయణపేట చేలల్లో కందికి కొదవలేదు. కాయ దులిపాక మిగిలిన కట్టెను తడకగా అల్లి, రెండు వైపులా మట్టి మెత్తి, పేడతో అలికితే గోడ అయ్యేది. (పాత పాలమూరు జిల్లా తూర్పు కొసన, నల్లమలలో చెంచు సోదరులు ఇదే పని వెదురుతో చేశారు. వారి గుండ్రని ఇళ్ల గురించి హైమెన్‌డార్ఫ్ 1943లో అచ్చయిన పుస్తకంలో రాశాడు.) దీన్ని పేదరికానికి గుర్తు అంటే నేను ఒప్పుకోను. ఆ గోడ బలం కట్టెను దాచిన తీరులో ఉంది. కంది కోత చలికాలంలో, గుడిసె పని ఎండాకాలంలో. ఆ మధ్య నెలల్లో కట్టెను నేల మీద కుప్ప పోస్తే అడుగున తేమ పట్టి చెదలు ఎక్కుతాయి. పచ్చిగా ఉండగానే అల్లితే ఎండాక కట్లు వదులై మట్టి పెచ్చులు రాలుతుంది. రాళ్ల మీద దుంగలు వేసి, వాటి మీద పేరిస్తే గాలి ఆడుతుంది. నిలబెట్టేటప్పుడూ అంతే. తడక అడుగు మట్టిలో దిగితే ముందు కుళ్లేది అదే. అందుకే కింద రాతి వరుస, పైన ముందుకు చాచిన చూరు.

1976 చట్టంతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. 1985లో ఇందిరా ఆవాస్ యోజన వచ్చింది. సిమెంటు, ఇటుక, రేకు తండా చేరాయి. రేకును ఎలా ఉంచాలో ఎవరు చెప్పారు? జింకు పూత రేకులను ఒకదాని మీద ఒకటి పేర్చి వానకు వదిలేస్తే మధ్యలో నీరు చిక్కి తెల్లటి పొడి లేస్తుంది. ఆ పొడి కరిగిపోతున్న జింకు పూతే. గోడకు బిగించకముందే రేకు ఆయుష్షు తరిగిందన్న మాట. ఏటవాలుగా నిలబెట్టి, గాలి ఆడేలా పైన పట్టా కప్పితే చాలు. సిమెంటు రేకుకు బోల్టంతే రంధ్రం వేసి గట్టిగా బిగిస్తే, ఎండకు సాగే చోటులేక అక్కడే పగులుతుంది. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, కోసినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఊరూరా ఆనకట్టలు, మేడలు కట్టిన చేతులు మనవి. ఇక్కడ మాత్రం బిల్లు అందక ఇంటి పని సగంలో ఆపి వలస పోతే, అప్పు తెచ్చి కొన్న రేకులు వాకిట్లోనే తడుస్తాయి. తిరిగొచ్చేసరికి వాటి మీద తెల్లటి పొడి, అప్పు మీద వడ్డీ.