కొత్త ఉద్యోగులు ఎందుకు ఫెయిలవుతున్నారు? కంపెనీలు చేయాల్సింది ఇదే!

2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ మైసూరు క్యాంపస్‌లో 300 మందికి పైగా ట్రైనీల ఉద్యోగాలు పోయాయి. మూడు ఛాన్సులిచ్చినా ఇంటర్నల్ టెస్ట్ పాస్ కాలేదని కంపెనీ చెప్పింది. వీరిలో చాలామంది ఆఫర్ వచ్చాక రెండేళ్లు ఎదురుచూసి చేరినవాళ్లే.

కొత్తవాళ్లు తడబడటానికి తెలివి లేకపోవడం ఒక్కటే కారణం కాదు. కాలేజీలో చదివింది ఒకటి, ఆఫీసులో అడిగేది మరొకటి. గ్యాప్ పెరిగితే చదివిందీ మర్చిపోతారు. అడిగితే ఏమనుకుంటారోనని డౌట్లు దాచుకుంటారు.

మరి కంపెనీలు ఏం చేయాలి?

• ఆఫర్ లెటర్‌తోనే టెస్ట్ సిలబస్, పాస్ మార్కులు చెప్పాలి.
• డౌట్లు తీర్చేందుకు ఒక సీనియర్‌ని తోడుగా ఇవ్వాలి.
• పని ఎలా చేస్తున్నారో వారం వారం చెప్పాలి.
• ఫెయిలైతే, రానిది నేర్పించాకే మళ్లీ టెస్ట్ పెట్టాలి.

తప్పు ఎక్కడో తెలియకుండా మూడుసార్లు రాసినా రిజల్ట్ మారదు.