చిన్న పిస్తోలు తూటా: బస్తర్‌లో 0.32, 9 ఎం.ఎం.

బస్తర్‌లో నడుముకు కట్టుకునే చిన్న పిస్తోలుకు ఏ తూటా మేలన్న చర్చలో మొదటి మాట చట్టానిదే. 9 ఎం.ఎం. నిషిద్ధ బోరు. జగదల్‌పూర్ వ్యాపారికైనా, కొంటా కాంట్రాక్టరుకైనా మామూలు లైసెన్సు మీద దక్కేది 0.32 లాంటిదే. నిజంగా ఎంచుకునే వీలున్నది పోలీసు బలగాలకు. వాళ్లు 9 ఎం.ఎం. వైపే మొగ్గాలి. 1899 నాటి 0.32 ఏసీపీ గుండు సుమారు 4.6 గ్రాములు, 1902 నాటి 9 ఎం.ఎం. పారాబెల్లం గుండు 7.5 గ్రాములు. వేగమూ ఎక్కువే గనుక శక్తి దాదాపు రెండున్నర రెట్లు. అంతకన్నా గట్టి కారణం సరఫరా: బలగాల చేతుల్లోని కార్బైన్ 1ఏ తుపాకీకీ ఈ 9 ఎం.ఎం. తూటాయే. అడవి క్యాంపులో 0.32 కోసం ఇంకో రిజిస్టరు ఎవరు రాస్తారు?

చిన్న పిస్తోలులో 9 ఎం.ఎం. గట్టిగా తన్నుతుంది, రెండో గుండుకు గురి చెదురుతుంది అనే అభ్యంతరం నిజమే. 0.32 చేతికి మెత్తన. పేలుడు వెనక్కి తోసే స్లైడును నిలవరించడానికి దాని బరువు, స్ప్రింగు బలమే చాలు కాబట్టి నిర్మాణమూ తేలిక. అయితే తన్నును సాధన లొంగదీస్తుంది, గుండులో లేని బలాన్ని సాధన తెచ్చిపెట్టలేదు. పైగా 0.32 తూటా అడుగు అంచు కొద్దిగా బయటికి పొడుచుకుని ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కిందిదాని అంచు వెనక్కి జారిందంటే రెండూ మెలిపడతాయి, స్లైడు ఎంత లాగినా తూటా ఎక్కదు. అంచు బయటికి రాని 9 ఎం.ఎం.కు ఆ బెడద లేదు.