గోచి నుంచి జాకీ దాకా: బస్తాలు మోసేవాడి లోపలి బట్ట కథ

టైటిల్ చూసి సగం మంది నవ్వుకుని ఉంటారు. నవ్వండి, పర్లేదు. కానీ మే నెలలో మిర్యాలగూడ రైస్ మిల్లులోనో, కోదాడ వైపు సిమెంటు లోడింగ్‌లోనో, సూర్యాపేట మార్కెట్ యార్డులోనో బస్తాలు మోసే అన్నను ఒకసారి అడగండి. నడుము నొప్పి గురించి చెప్తాడు, ఎండ గురించి చెప్తాడు. గజ్జల్లో ఒరుసుకుపోయి నడవలేకపోయిన రోజు గురించి మాత్రం చెప్పడు. సిగ్గు. ఆ సిగ్గుకు కూడా ఒక హిస్టరీ ఉంది. ఇవాళ్టి ఎపిసోడ్ అదే.

నేను బీటెక్ అయ్యాక ఏసీ ఆఫీసులో కూర్చుని కోడ్ రాసినోణ్ణి. ఒక వీడియో కోసం ఎండాకాలంలో రోజంతా మిల్లులో తిరిగా. టైట్ జీన్స్, లోపల ఇంకా టైట్ బ్రీఫ్. సాయంత్రానికి కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తున్నా. అక్కడి హమాలీ పెద్దాయన చూసి నవ్విండు. "ఏంది బిడ్డా, లోపల ప్లాస్టిక్ కవర్ కట్టుకొచ్చినవా? మా నాయిన గోచి మీద క్వింటాల్ బస్తా మోసిండు" అన్నడు. ఆ మాట నా తలలో ఉండిపోయింది.

గోచి అంటే ఏంటి? మొలతాడు, ఒక పొడుగాటి నూలు గుడ్డ పేలిక. గుడ్డను ముందు మొలతాడులో దోపి, కాళ్ళ మధ్య నుంచి తీసి, వెనక దోపుతారు. అంతే. సన్యాసి కట్టుకుంటే కౌపీనం, పహిల్వాన్ బిగించి కట్టుకుంటే లంగోటి. కుట్టు లేదు, ఎలాస్టిక్ లేదు, సైజు గొడవ లేదు. మన ఒంటికి ఉన్న కూలింగ్ సిస్టమ్ చెమట. చెమట కారితే సరిపోదు, ఆరాలి. ఆరాలంటే గాలి తగలాలి. ఆ పని గోచి బాగా చేసింది. బావి దగ్గర పిండి ఆరేస్తే ఎండలో ఇట్టే ఆరిపోతుంది కూడా.

అయితే "ఆహా, మన పూర్వీకులు ఎంత గొప్పోళ్ళో" అని ఇక్కడే ఆపేస్తే అది అబద్ధపు హిస్టరీ అవుతుంది. ఎందుకంటే మన దగ్గర చాలామందికి గోచి ఛాయిస్ కాదు. నిజాం కాలంలో నల్లగొండ జిల్లాలో వెట్టి చేసే మనిషి దొర గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు విప్పాలి, భుజం మీద తువ్వాల తీయాలి. నిండా బట్ట కట్టడం కూడా పొగరు కింద లెక్క. 1921 సెప్టెంబరు 22న మదురైలో గాంధీజీ చొక్కా, టోపీ వదిలేసి చిన్న పంచెకు మారారు. ఆయన లండన్‌లో సూటు వేసుకున్న లాయరు, కాబట్టి వదిలేయడానికి ఏదో ఉంది. వెట్టి మనిషికి వదలడానికి ఏముంది?

1946 నుంచి 1951 దాకా నడిచిన తెలంగాణ సాయుధ పోరాటానికి సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాలు గుండెకాయ లాంటివి. గోచి, గొంగడితో వడిసెల పట్టుకుని నిలబడ్డవాళ్ళ నేల ఇది. అలాంటి ఇంట్లో పుట్టిన కొడుకు ప్యాంటు వేసుకుంటే దాన్ని ఫ్యాషన్ అనకండి. "నేనూ మనిషినే" అని చెప్పడం అది. ఇప్పటికీ అప్పులపాలైనోణ్ణి "గోచి మిగిలింది" అంటాం కదా, ఆ చేదు ఇంకా మన భాషలో ఉంది.

గోచికి, ఇవాళ్టి బ్రీఫ్‌కు మధ్య ఇంకోటి ఉంది. పట్టాపట్టీల డ్రాయర్. మీ తాత వేసుకునే ఉంటాడు. పలచటి నూలు గుడ్డ, నడుముకు బొందు, వదులు కాళ్ళు. గోచిలో ఒక లోపం ఉండేది, తొడలు ఒకదానికొకటి ఒరుసుకునేవి. డ్రాయర్ ఆ లోపం సరిచేసింది, గాలిని మాత్రం ఆపలేదు. మనం కామెడీ సీన్లలో చూసి నవ్వుకున్న ఆ డ్రాయర్ నిజానికి మంచి డిజైన్.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి పెరిగింది, వరి వెనక మిల్లులు వచ్చాయి. బాయిల్డ్ రైస్ అంటే వడ్లను నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి, అప్పుడు మర పట్టాలి. బయట 44 డిగ్రీలు, లోపల బాయిలర్‌లో ఊక మంట, చుట్టూ ఆవిరి. గాల్లో తేమ పెరిగితే చెమట ఆరదు, కారుతూనే ఉంటుంది. అంటే ఒంటికి గాలి ఎక్కువ కావాల్సిన పని మొదలైన కాలంలోనే మనం గాలి ఆడని బట్టలకు మారాం.

ఆ బట్టలు ఎక్కడివి? 1874లో అమెరికాలో చార్లెస్ బెన్నెట్ అనే ఆయన, రాళ్ళ రోడ్ల మీద సైకిల్ తొక్కేవాళ్ళ కోసం జాక్‌స్ట్రాప్ చేశాడు. నడుము పట్టీ, ముందు ఒక సంచి, ఐడియా మన లంగోటికి దగ్గరే. ఆ పేరు నుంచే జాకీ వచ్చింది. 1935 జనవరి 19న షికాగోలోని మార్షల్ ఫీల్డ్స్ షాపులో మొదటి జాకీ బ్రీఫ్ అమ్మకానికి పెట్టారు. ఆ రోజు బయట మంచు తుఫాను! 1958లో డ్యూపాంట్ కంపెనీలో సాగే దారం స్పాండెక్స్ కనిపెట్టారు. 1995లో జాకీ బ్రాండ్ బెంగళూరు నుంచి మన మార్కెట్‌లోకి వచ్చింది. ఆఫీసు కుర్చీలో కూర్చునేవాడికి టైట్ బ్రీఫ్ బాగానే ఉంటుంది. మిల్లులో పది గంటలు తడిసి నిలబడేవాడికి అదే శత్రువు.

ఎందుకంటే తడి, వేడి, ఒరిపిడి ఈ మూడూ కలిసిన చోట తామర దిగుతుంది. అప్పుడు మనోడు సిగ్గుతో డాక్టర్ దగ్గరికి పోడు, మెడికల్ షాపులో ట్యూబు అడుగుతాడు. ఇలా చీటీ లేకుండా అమ్మే చాలా మిక్స్ క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు దురద తగ్గినట్టు ఉంటుంది, ఫంగస్ మాత్రం పాకుతుంది. మామూలు మందులకు లొంగని తామర మన దేశంలో ఎంత పెరిగిందంటే, 2020లో ఆ ఫంగస్‌కు పెట్టిన పేరులోనే ఇండియా ఉంది: ట్రైకోఫైటాన్ ఇండోటినియే.

సరే, ఏం వేసుకోవాలి? గోచి నుంచి గాలి తీసుకోండి, డ్రాయర్ నుంచి పొడుగు కాళ్ళు తీసుకోండి. పలచటి కాటన్, తొడ సగం దాకా వచ్చేది, పైకి చుట్టుకుపోనిది, నడుము దగ్గర గుర్తు పడేంత బిగువు లేనిది. కాటన్ చెమట పీల్చి తడిగానే ఉంటుంది కాబట్టి, మధ్యాహ్నం అన్నం టైమ్‌లో కడుక్కుని, తుడుచుకుని, పొడిది మార్చుకోండి. బ్రాండ్ కంటే రెండో జత ముఖ్యం. ఎండలో ఆరేయండి, తువ్వాల ఎవరితోనూ పంచుకోకండి. దురద మొదలైతే ట్యూబు కొనకుండా డాక్టర్‌కు చూపించుకోండి.

మిల్లు ఓనర్లకు కూడా ఒక మాట. బీహార్ నుంచి వచ్చిన తమ్ముళ్ళు మీ షెడ్లలోనే పడుకుంటున్నారు. నీళ్ళు, తలుపు ఉన్న ఒక గది, బట్టలు ఆరేసుకోవడానికి ఒక తీగ, ఇవి ఇవ్వడానికి పెద్ద ఖర్చు కాదు.

మన తాతలు నిండా బట్ట కోసం కొట్లాడారు, గెలిచారు. ఆ బట్ట లోపల సుఖంగా ఉండటం గురించి నోరు తెరిచి మాట్లాడుకోవడం మన వంతు. ఈ వీడియో మీ ఇంట్లో ఎండలో పనికి పోయే అన్నకో, నాయినకో పంపండి. నవ్వుతారు, కానీ చూస్తారు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.