మరణ పట్టికల్లో వయసు గడి

మనిషి ఎన్నేళ్లు బతుకుతాడో లెక్కగట్టే శాస్త్రం చనిపోయినవారి వయసే రాయని చిట్టాలతో మొదలైంది. 17వ శతాబ్దపు లండన్‌లో వారం వారం వెలువడే మరణ జాబితాల్లో మరణకారణం ఉండేది గాని వయసు ఉండేది కాదు. ఆ కారణమైనా, శవాన్ని చూసిరావడానికి పారిష్ నియమించిన ముసలమ్మలు చెప్పిందే. బట్టల వర్తకుడైన జాన్ గ్రాంట్ 1662లో ఆ జాబితాలనే ముందుపెట్టుకుని, ఇరవై ఏళ్లలో నమోదైన 2,29,250 మరణాల్లోంచి పళ్లు రావడం, మూర్ఛ వంటి పసిపిల్లల జబ్బుల కింద చేరిన 71,124 మరణాలను విడదీసి, మశూచి, తట్టు మరణాల్లో సగాన్ని వాటికి కలిపి, నూటికి 36 మంది ఆరేళ్లు నిండకుండానే పోతున్నారని తేల్చాడు. మిగిలిన 64 మంది అతని పట్టికలో పదేళ్లకోసారి 40, 25, 16, 10గా, అంటే దాదాపు ఒకే నిష్పత్తిలో తరిగిపోతారు. పదేళ్ల పిల్లవాడి దగ్గరా నలభై ఏళ్లవాడి దగ్గరా మృత్యువు ఒకే వాటా తీసుకుంటుందనడం ఊహే తప్ప లెక్క కాదు. అయినా, ఒకేసారి పుట్టినవారిలో ఏ వయసుకు ఎందరు మిగులుతారో చూపే జీవిత పట్టిక రూపుకట్టింది అక్కడే.

వయసు గడి నిండిన చిట్టా బ్రెస్లా నగరంలో దొరికింది. అక్కడి మతగురువు కాస్పర్ నాయ్‌మన్ సమకూర్చిన 1687–91 నాటి వివరాలతో ఎడ్మండ్ హాలీ 1693లో వేసిన పట్టిక ప్రకారం, నలభై ఏళ్లవారు 445 మంది ఉంటే నలభై ఏడేళ్లవారు 377 మంది. కాబట్టి నలభై ఏళ్లవాడు మరో ఏడేళ్లు బతికే అవకాశం, పోయే అవకాశానికి అయిదున్నర రెట్లు. కొనేవాడి వయసుతో నిమిత్తం లేకుండా ఒకే ధరకు జీవితాంత భృతులు అమ్ముతున్న ఇంగ్లండ్ ప్రభుత్వానికి ఇది నేరుగా తగిలే లెక్కే.

యౌవనం దాటాక మరణ తీవ్రత గుణశ్రేణిలో పెరుగుతుందని 1825లో బెంజమిన్ గాంపెర్ట్జ్ సూత్రీకరించగా, వయసుతో సంబంధం లేని ప్రమాదాల వంటివాటి కోసం 1860లో విలియం మేకమ్ దానికి ఒక స్థిరాంకాన్ని కలిపాడు.

భారతదేశంలో ఇబ్బంది మరోలా వచ్చింది: జనగణనలో వయసు గడి ఉంది గాని, పుట్టిన తేదీ తెలియని జనం "ముప్పై ఉంటాయి", "నలభై ఉంటాయి" అని చెప్పడంతో సున్నాతోనో అయిదుతోనో ముగిసే వయసుల దగ్గర సంఖ్యలు గుట్టపడేవి, ఆ గుట్టలను చదును చేశాకే పట్టిక వేయడం సాధ్యమయ్యేది. 1960లలో మొదలైన నమూనా నమోదు పథకం మరో దారి పట్టింది. ఎంపికైన ఊళ్లో స్థానికంగా ఉండే ఒకరు జననమరణాలను ఎప్పటికప్పుడు రాసుకుంటారు, ఆరు నెలలకోసారి వచ్చే పర్యవేక్షకుడు ఆ పుస్తకంతో సంబంధం లేకుండా ఇంటింటా విడిగా అడుగుతాడు, రెండింటికీ పొసగని ప్రతి మరణం కోసం మళ్లీ ఆ గడప తొక్కుతారు.